జలపాతం చూడకుండానే తిరిగొచ్చా.. అయితే ఏంటి?

రెజ్యూమెలో హాబీస్ అన్నచోట ‘ట్రావెలింగ్’ అని రాయని విద్యార్థి అరుదు. ‘ఎక్కడికి వెళ్లారు? ఏం నేర్చుకున్నారు?’ అని అడిగితే మాత్రం చాలామంది నీళ్లు నములుతారు. నేనూ ఆ బాపతే. ఒక వానాకాలం సికింద్రాబాద్ నుంచి ఒంటరిగా బయల్దేరి, చూడాలనుకున్న జలపాతం చూడకుండానే వెనక్కి వచ్చేదాకా!

అప్పటికి డిగ్రీ అయిపోయి ఏడాది. మూడు కంపెనీల్లో ఆఖరి రౌండ్ దాకా వెళ్లి ఆగిపోయా. ఇంట్లో ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు, అదే ఎక్కువ బాధగా ఉండేది. ఫ్రెండ్స్‌తో కలిసి బోగత జలపాతానికి వెళ్దామనుకున్న ప్లాన్ ఎప్పట్లాగే వాట్సాప్‌లోనే చచ్చిపోయింది. ట్యూషన్లు చెప్పి దాచుకున్న రెండున్నర వేలు చేతిలో ఉన్నాయి. నాన్న స్ప్లెండర్ తీసుకుని ఒక్కణ్నే బయల్దేరా. పోనూ రానూ దాదాపు 540 కిలోమీటర్లు. లీటరుకు 55 చొప్పున పది లీటర్ల పెట్రోలు. ఆ లెక్క ఒక్కటే సరిగ్గా వేసుకున్నా.

ఉప్పల్ దాటితే 163వ నంబరు జాతీయ రహదారి. భువనగిరి, జనగామ, హనుమకొండ, ములుగు మీదుగా నేరుగా గోదావరి దాకా తీసుకెళ్తుంది. మొదటి రాత్రి లక్నవరం చెరువు దగ్గర, డబ్బులు కట్టి టెంట్ వేసుకునే చోట ఆగా. అర్ధరాత్రి వాన మొదలైంది. చవకగా దొరికిందని కొన్న టెంట్ కుట్ల దగ్గర కారింది. ఫోన్ చార్జింగ్ అయిపోయింది. తెల్లారేదాకా బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నా. ఆ రాత్రి కథ ఎవరికి చెప్పినా నవ్వేవాళ్లే.

పొద్దున తాడ్వాయి అడవి దాటి, ఏటూరునాగారం మీదుగా ముల్లకట్ట వంతెనపై గోదావరి దాటా. ఇంకాస్త దూరం వెళ్తే బోగత. కానీ వాజేడు వైపు ఒకచోట రోడ్డు మీద నుంచి వాగు పారుతోంది. చూస్తే మోకాలి లోతు కూడా ఉన్నట్టు లేదు. అక్కడ గొడుగేసుకుని నిలబడ్డ పెద్దాయన ‘‘ఏం బిడ్డా, ఒక్కనివే వచ్చినవా? బండి దింపకు. నీళ్లు ఎక్కువైతయో తక్కువైతయో ఎవలకెర్క’’ అన్నాడు. పక్క నుంచే రెండు బైకులు నీళ్లలోకి దిగి అవతలికి వెళ్లిపోయాయి. నేను అరగంట నిలబడి వెనక్కి తిప్పేశా.

వాళ్లకేం కాలేదు. బహుశా బోగత చూసి, సెల్ఫీలు దిగి వచ్చుంటారు. అయినా నా నిర్ణయం తప్పు కాదని ఇప్పటికీ నమ్ముతా. వేగంగా పారే నీళ్లు అర అడుగు లోతున్నా మనిషిని పడేయగలవు, ఒక అడుగుంటే చిన్న కారును కూడా తోసుకుపోగలవు. 2023 జులైలో ఇదే ములుగు జిల్లాలో ముత్యాలధార జలపాతానికి వెళ్లిన పదుల మంది పర్యాటకులు వాగు పొంగడంతో అడవిలో చిక్కుకుపోతే, ఎన్డీఆర్‌ఎఫ్ సిబ్బంది వెళ్లి బయటికి తేవాల్సి వచ్చింది. ఫలితం బాగున్నంత మాత్రాన నిర్ణయం మంచిదైపోదు. ఫలితం రానంత మాత్రాన నిర్ణయం చెడ్డదీ కాదు.

ఇంటర్వ్యూలో ఇదే చెప్పా

రెండు నెలల తర్వాత ఒక ఇంటర్వ్యూలో ‘ట్రావెలింగ్’ గురించి అడిగారు. తడుముకోకుండా ఈ కథే చెప్పా. ‘‘బయల్దేరే ముందు వాతావరణ హెచ్చరికలు చూశారా?’’ అన్నారామె. ‘‘చూడలేదు మేడమ్, అది నా తప్పు’’ అన్నా. ‘‘మీరెక్కడున్నారో ఎవరికి తెలుసు?’’ అన్నారు. ‘‘అక్కకి రూట్ పంపా, కానీ రాత్రి ఫోన్ ఆగిపోయాక తను నిద్రపోలేదట’’ అన్నా. ‘‘ఆ రెండు బైకులు వెళ్లాయిగా, మీరు భయపడ్డారా?’’ అని మూడో ప్రశ్న. ‘‘భయపడ్డా. అందుకే అరగంట ఆలోచించా’’ అని చెప్పా.

ఆ ఉద్యోగం రాలేదు. కానీ బట్టీ పట్టిన జవాబులు కాకుండా నా మాటల్లో నేను మాట్లాడిన మొదటి ఇంటర్వ్యూ అదే. ఆ తర్వాతి చోట ఉద్యోగం రావడానికి ఆ ధైర్యం పనికొచ్చిందనుకుంటా. ‘మీ వైఫల్యం గురించి చెప్పండి’ అంటే ‘నేను అతిగా కష్టపడతాను’ లాంటి జవాబులు విని విని ఇంటర్వ్యూ చేసేవాళ్లకీ విసుగొస్తుంది. ప్లాన్ ఏంటి, ఎక్కడ తప్పింది, అప్పుడేం చేశారు, మళ్లీ అయితే ఏం మారుస్తారు.. ఈ నాలుగూ చెప్పగలిగే సొంత అనుభవం ఒక్కటున్నా చాలు.

ఎక్కడ వెనక్కి తిరగాలి?

ఎవరెస్ట్ ఎక్కేవాళ్లు ‘టర్న్ అరౌండ్ టైమ్’ అని ముందే పెట్టుకుంటారు. సాధారణంగా అది మధ్యాహ్నం ఒంటిగంట, రెండు గంటలు. ఆ సమయానికి శిఖరం చేరకపోతే, అది కళ్ల ముందే కనిపిస్తున్నా దిగిపోవాలి. ఆ గడియ కింద ఉండగానే, బుర్ర చురుగ్గా ఉన్నప్పుడే నిర్ణయించుకోవాలి. పైకెళ్లాక ‘ఇంత దూరం వచ్చాం కదా’ అన్న మాట మనల్ని దిగనివ్వదు.

అశోక్‌నగర్ గదుల్లో, చిక్కడపల్లి లైబ్రరీలో నా వయసు వాళ్లు ఎంతోమంది ఆ మాట దగ్గరే ఆగిపోయి ఉన్నారు. ‘ఇన్నేళ్లు చదివాం కదా, ఇంకో నోటిఫికేషన్ చూద్దాం’. గ్రూప్స్ రాయొద్దని నేను అనను. కానీ ఎన్ని ప్రయత్నాలు, ఏ తేదీ దాకా, అది దాటితే రెండో దారేంటి అన్నది మొదటి రోజే కాగితం మీద రాసుకోండి. దాన్ని ఇంట్లో ఒకరికి చూపించండి. వెనక్కి తిరగడమంటే ఓడిపోవడం కాదు, ఇంకో దారి పట్టే వీలుండగానే తిరగడం. నేను ఆ రోజు తిరుగు దారిలో పాలంపేట వెళ్లి రామప్ప గుడి చూశా. ప్లాన్‌లో లేనిదే బాగా గుర్తుండిపోయింది.

‘‘నువ్వు అబ్బాయివి కాబట్టి ఒక్కడివే వెళ్లొచ్చావ్, నాకు ఇంట్లో పంపిస్తారా?’’ అని మా క్లాస్‌మేట్ నిలదీసింది. నిజమే, జవాబు లేదు. అలాగే రెండున్నర వేలు అందరి దగ్గరా ఉండవు. అందుకే అసలు విషయం అడవీ కాదు, ఒంటరితనమూ కాదు. ప్లాన్ మీరే వేసుకోవడం, నిర్ణయాలు మీరే తీసుకోవడం. సికింద్రాబాద్ స్టేషన్‌లో రైలెక్కి భువనగిరిలో దిగి, కోట ఎక్కి సాయంత్రానికి ఇంటికి వచ్చినా సరే. ఇద్దరు స్నేహితురాళ్లు కలిసి వెళ్లి, ఖర్చు నుంచి తిరుగు రైలు దాకా అన్నీ తామే చూసుకున్నా సరే.

వెళ్లేవాళ్లకు నాలుగు మాటలు

• అడవిలో కనిపించిన చోటల్లా టెంట్ వేయకూడదు. అభయారణ్యంలోకి అనుమతి లేకుండా వెళ్లడం, నిప్పు పెట్టడం వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ప్రభుత్వ ఉద్యోగానికి ప్రిపేర్ అవుతూ కేసు తెచ్చుకోవద్దు.

• 2024 ఆగస్టు 31న గాలివాన బీభత్సానికి తాడ్వాయి అడవిలో వేల చెట్లు నేలకూలాయి. వానాకాలం చెట్ల కింద, వాగు ఒడ్డున పడుకోవద్దు.

• నల్లమల వైపైతే శ్రీశైలం దారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా రాకపోకలు ఆపేస్తారు. ఆ లెక్కన బయల్దేరండి.

• రూట్, రాత్రి బస, తిరిగొచ్చే సమయం ఇంట్లో ఒకరికి రాసివ్వండి. పవర్ బ్యాంక్ మర్చిపోవద్దు. మా అక్క ఇప్పటికీ ఆ రాత్రి గురించి తిడుతూనే ఉంటుంది.

బోగత నేనింకా చూడలేదు. ఈసారి వాతావరణ హెచ్చరికలు చూసుకుని వెళ్తా.