పచ్చలైటును నమ్మితే ఎట్టా?

మొన్న తెనాలి నుంచి రేపల్లె పోతా, దారిలో ఓ ఊరి సేవా కేంద్రం దగ్గర ఆగా. కాయితం కోసం వచ్చిన ముసలవ్వ అరుగు మీద కూచోనుంది. "పొద్దుట్నుంచి నెట్టు లేదంటన్నారయ్యా" అంది. లోపల వైఫై డబ్బాకి పచ్చలైటు వెలుగుతానే ఉంది. వాకబు చేస్తే తేలిందేందంటే, అసలు లైను పది రోజుల కిందటే తెగింది. సిమ్ము పెట్టిన రెండో లైను మీదే ఇన్నాళ్లూ బండి నడిచింది. దాంట్లో డేటా అయిపోయాకగానీ సంగతి బయటపడలా.

పంపు మోటారు కాలిపోయినా ట్యాంకులో నీళ్లున్నంతసేపు కుళాయి వస్తానే ఉంటది. ఇదీ అంతే. దూరాన ఆఫీసులో కంప్యూటరు 'ఉన్నావా' అని అడుగుద్ది, డబ్బా 'ఉన్నా' అంటది. ఏ లైను మీద పలుకుతుందో ఎవరూ అడగరు. బ్యాకప్పు ఉందన్న ధీమాతో అసలు లైను చచ్చిన కబురే తెలియకుండా పోతంది.

రెండో సంగతి దారి గురించి. ఏపీ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. నేల తవ్వే పని తగ్గించి, కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగారు. అందుకే తొందరగా, చౌకగా పల్లెకు చేరింది, మంచిదే. కానీ స్తంభం కూలితే కరెంటూ నెట్టూ ఒక్కసారే పోతయ్. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను తీరం దాటింది మన బాపట్ల దగ్గరే. మరుసటేడు సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చి లంక ఊళ్లు మునిగినయ్. సిమ్ము ఉందిగా అంటారు. ఆ టవరుకొచ్చే ఫైబరు కూడా అదే స్తంభాల మీద వస్తుంటే? కరెంటు లేక టవరు బ్యాటరీ అయిపోతే?

ట్రాయ్ 2024లో కొత్త నిబంధనలు తెచ్చింది. జిల్లా స్థాయిలో సర్వీసు 4 గంటలకు మించి పోతే కంపెనీ 24 గంటల్లోగా ట్రాయ్‌కి చెప్పాలి. 24 గంటలు దాటితే వాడకందారుకి బిల్లులో తగ్గింపో, గడువు పొడిగింపో ఇవ్వాలి. ప్రకృతి విపత్తు అయితే ఆ ఊరట లేదు. కొలత జిల్లా కాబట్టి, బాపట్ల పట్నంలో ఫోను మోగుతుంటే లంకలో ఓ ఊరు మూడు రోజులు మూగబోయినా లెక్కకెక్కదు. తెనాలోళ్లకి ఒక కంపెనీ పోతే ఇంకోటి ఉంటది. రేపల్లె అవతల తీరానికి పోయేకొద్దీ ఆ వీలు తగ్గుతా వస్తది.

మనం అడగాల్సింది పెద్ద ఖర్చు పని కాదు. అసలు లైనుకీ, రెండో లైనుకీ విడివిడిగా నిఘా పెట్టాలి. రెండోదానికి మారిన నిమిషమే ఫిర్యాదు నమోదవ్వాలి. నెలకోసారి అసలు లైను పీకి, రెండోది పనిచేస్తందో లేదో చూడాలి. తుపాన్ల కాలానికి ముందు తప్పనిసరిగా చూడాలి. రెండో లైను వేరే దారిన రావాలి. ఏ నెల ఎన్ని గంటలు నెట్టు పోయిందో ఆ కేంద్రం గోడ మీదే రాయాలి.

అవ్వకి కాయితం మర్నాడు దొరికింది. రెండు రోజుల ఆటో ఖర్చు ఆమెదే. ఈసారి మీరు సేవా కేంద్రానికి పోతే ఊరికే 'నెట్టుందా' అని అడిగి ఊరుకోబాకండి. 'ఏ లైను మీద నడుస్తంది, రెండోదాన్ని ఎప్పుడు చూశారు' అని అడగండి.