గృహ విజ్ఞానము: చక్రముల యింట దీపము వెలుగనిచో



ఊరిలోని యింట దీపము వెలుగకున్నచో పొరుగువారిని పిలువవచ్చును, పనివానికి కబురంపవచ్చును. ఇల్లే చక్రములపై నుండి, ఊరికి దూరముగా అడవి నడుమ నిలిచియున్నప్పుడు దీపమారినచో నెవరిని పిలువగలము? అమెరికాలో కాపురమున్న మన తెలుగు కుటుంబములలో కొందఱు వేసవి సెలవులలో కారు వెనుక ట్రైలరును తగిలించుకొని, పిల్లలతో ఎల్లోస్టోన్ వంటి వనములకు పోవుచుందురు. పడకలు, పొయ్యి, నీళ్లతొట్టి, దీపములు అన్నియు నందే యుండును. అట్టి యింటి దీపముల మర్మమును ఇల్లాలు కొంత యెఱిగియుండుట మేలు. ఇది పెద్ద చదువు కాదు. వరుస తప్పక వెదకుటయే యిందలి నేర్పు.

ముందుగా తెలియవలసిన దేమనగా, ట్రైలరులోని కరెంటునకు పుట్టినిల్లు ఒకటి కాదు, మూడు. లోపలి దీపములకు 12 వోల్టుల బ్యాటరీ ఆధారము. వెనుకనుండు ఎఱ్ఱదీపములకును, మలుపు దీపములకును కారునుండి ఏడు కొనల ప్లగ్గు ద్వారా కరెంటు వచ్చును. గోడలోని సాకెట్లకు విడిదిలో నిచ్చు 120 వోల్టుల కరెంటు కావలయును. ఈ విడిది కరెంటు అందినప్పుడు కన్వర్టరు అను పెట్టె దానిని 12 వోల్టుల వరుసకు మార్చి, లోపలి దీపములను వెలిగించుచు బ్యాటరీని కూడ నింపుచుండును. కావున ఆరిన దీపము ఏ పుట్టింటిదో మొదట నిశ్చయించుకొనవలెను. పిమ్మట, ఎన్ని దీపములు ఆరినవో లెక్కింపవలెను. ఆ లెక్కయే సగము జబ్బును చెప్పివేయును.

లోపల ఒక్క దీపమే ఆరినచో బల్బును అనుమానింపుడు. పక్కనున్న మంచి బల్బును తీసి అందు పెట్టి చూడుడు. అదియు వెలుగనిచో బల్బు కూర్చుండు చోట త్రుప్పు పట్టియుండవచ్చును. మీట ఆర్పి, గరుకు కాగితముతో మెల్లగా రుద్దుడు. కొన్ని యెల్‌.ఇ.డి. బల్బులు తలక్రిందుగా పెట్టినచో వెలుగవు. తిప్పి పెట్టినచో వెలుగును.

ఒక వరుస దీపములన్నియు నొక్కసారి ఆరినచో ఫ్యూజును చూడవలెను. దానిపై ఆంపియర్ల సంఖ్య వ్రాసియుండును. రంగు కూడ గుర్తే: ఎఱ్ఱనిది 10, నీలిది 15, పసుపుపచ్చనిది 20. లోపలి తీగె తెగియున్నచో అదే సంఖ్యగల క్రొత్తదానిని పెట్టుడు.

దీపములన్నియు మసకబారినచో బ్యాటరీ వంక చూడుడు. మల్టీమీటరుతో కొలిచినప్పుడు, విశ్రాంతిగానున్న సీసపు బ్యాటరీ 12.6 వోల్టులు చూపినచో నిండుగా నున్నదనియు, 12.2 చూపినచో సగమైనదనియు తెలిసికొనుడు. సగమునకు దిగువకు పలుమాఱు పోనిచ్చినచో దాని యాయువు తగ్గును. 18 వాట్ల పాతరకపు బల్బు ఒకటిన్నర ఆంపియర్లు త్రాగును. అట్టివి ఆఱు వెలిగించినచో 9 ఆంపియర్లు. 100 ఆంపియరు-గంటల బ్యాటరీలో సగము అయిదున్నర గంటలలో హరించును. 3 వాట్ల యెల్‌.ఇ.డి. బల్బులు ఆఱు వెలిగించినచో అదే సగము 33 గంటలు వచ్చును. పొదుపు ఎచ్చటనున్నదో వేఱుగ చెప్పనేల?

విడిది కరెంటు తగిలించినను మసక తీఱనిచో దోషము కన్వర్టరుది. అది పనిచేయుచున్నచో మీటరు 13 వోల్టులకు పైగా చూపవలెను. చూపనిచో దాని బ్రేకరును, దాని ఫ్యూజులను పరీక్షింపుడు. బ్యాటరీ తీగెలను తారుమారుగా తగిలించినవారికి ముందుగా పోవునవి ఈ ఫ్యూజులే. బ్యాటరీ కొనలపై తెల్లని పొడి పేరియున్నచో, విడిది కరెంటును తీసివేసి, చేతులకు తొడుగులు తొడిగి, ఋణ తీగెను ముందుగా విప్పి, వంటసోడా కలిపిన నీటితో కడుగుడు. మరల బిగించునప్పుడు ఋణ తీగెను కడపట బిగింపుడు. నిప్పును దరికి రానీయకుడు. బ్యాటరీనుండి మండు వాయువు వెలువడుచుండును.

వెనుక దీపముల జబ్బు వేఱు విధము. కుడి మలుపు దీపము వేసినప్పుడు ఎడమది మినుకుమినుకుమన్నను, బ్రేకు నొక్కినప్పుడు అన్నియు మసకబారినను, బల్బులను నిందింపకుడు. కరెంటు తిరిగిపోవు తెల్ల తీగె చట్రమునకు సరిగా అంటుకొనలేదని తెలిసికొనుడు. ఆ చోటనున్న త్రుప్పును రంగును గోకి, మరల బిగింపవలెను. తీగెల రంగులను మాత్రము గ్రుడ్డిగా నమ్మరాదు. చిన్న సామానుల ట్రైలర్లలో గోధుమరంగు తీగె వెనుక దీపములది. ఈ ప్రయాణపు ట్రైలర్లలో అదే రంగు కుడి మలుపునకు వాడుదురు. మీటరు చెప్పినదే ప్రమాణము.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన మాట. 15 ఆంపియర్ల ఫ్యూజు మాటిమాటికి పోవుచున్నదని విసిగి, 30 ఆంపియర్లది పెట్టువారును, రేకు కాగితము చుట్టి పెట్టువారును కలరు. ఇంతకంటె చేటు లేదు. ఫ్యూజు ఇంటి కావలివాడు. తీగె తన శక్తికి మించిన కరెంటు మోసి కాగకుండ, అతడు ముందుగా తన ప్రాణము విడుచును. కావలివానిని తప్పించినచో గోడలోపలి తీగెయే కాగి మండును. ఆ గోడలు పలుచని చెక్కలు. వాని ప్రక్కనే పిల్లలు నిద్రించుచుందురు. క్రొత్త ఫ్యూజు వెంటనే పోయినచో మీటలన్నియు ఆర్పి, మఱియొకటి పెట్టి, ఒక్కొక్క మీటనే వేసి చూడుడు. ఏ మీటతో పోవునో అచ్చటనే దోషము. అన్ని మీటలు ఆర్పినను పోవుచున్నచో తీగె ఎచ్చటనో ఒరసికొని చట్రమును తాకుచున్నదని యెంచి, పనివానిని పిలువుడు. ఆ రాత్రికి చేతి దీపమే చాలును. 120 వోల్టుల పెట్టెలోని తీగెల జోలికి ఎన్నడును పోవలదు. అది నేర్చినవారి పని.

ప్రయాణమునకు ముందు ఒక డబ్బాలో ఒక్కొక్క సంఖ్యకు రెండేసి ఫ్యూజులు, రెండు బల్బులు, మల్టీమీటరు, గరుకు కాగితము, చేతి దీపము సర్దుకొనుడు. ఒకరు కారులో కూర్చుండి బ్రేకు నొక్కుచు, మలుపు దీపములు వేయుచుండగా, మఱియొకరు వెనుక నిలిచి చూడవలెను. పచ్చళ్ల జాడీలు సర్దుటకు పట్టు సమయములో పదవవంతు కూడ దీనికి పట్టదు.