పాసులెవరికి? భారమెవరికి?

మొన్న పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే మా అమ్మాయి ఫోన్ పట్టుకుని వచ్చింది. "అమ్మా, బీచ్ దగ్గర సినిమా పాటల కచేరీ. టికెట్ 1,500 మాత్రమే!" ఆ 'మాత్రమే' విని నా చేతిలో గరిటె జారింది. తీరా చూస్తే 1,500 మీద జి.ఎస్.టి. 270, బుకింగు రుసుము 100, ఆ రుసుము మీద మళ్లీ పన్ను 18. మనిషికి 1,888 రూపాయలు! బీచ్ నుంచి సింహాచలానికి రాత్రిపూట పిల్లని ఒక్కదాన్నీ రమ్మనలేం కదా, తోడు నేనూ వెళ్లాలి. ఇద్దరికీ 3,776. ఇంచుమించు మా ఇంటి నెల సరుకులు.

"అంతా గవర్నమెంటు పన్నులే" అని మావారు పేపరు చాటునుంచే తేల్చేశారు. కాదండీ! కచేరీ టికెట్ 500 రూపాయల వరకూ జి.ఎస్.టి. లేనే లేదు. అది దాటితేనే 18 శాతం. మరి 1,500 అని పెట్టిందెవరు?

పాడేవాళ్లనందామా? ఒకప్పుడు మనం క్యాసెట్లు కొని, అరిగేదాకా విన్నాం. ఇప్పుడు పాట ఫోన్‌లో ఊరికే వస్తోంది. మనం అక్కడ ఇవ్వని డబ్బు వేదిక మీద అడుగుతున్నారు, అందులో తప్పేముంది? నిర్వాహకులనందామా? స్టేజీ, మైకులు, జనరేటర్లు, వాద్యబృందానికి హోటలూ, అంతా ఒక్క సాయంత్రానికే. వానొస్తే మునిగేదీ వాళ్లే.

ఇక బ్లాకువాళ్లు. 2025 జనవరిలో నవీ ముంబయిలో కోల్డ్‌ప్లే అనే విదేశీ బృందం పాడింది. 2024 సెప్టెంబరులో టికెట్లు పెట్టినప్పుడు 2,500 నుంచి 35,000 దాకా ఉన్నాయి. క్షణాల్లో అయిపోయి, చేతులు మారి లక్షలు పలికాయి. ఈడీ వాళ్లు ఐదు నగరాల్లో సోదాలు చేశారు. సినిమాహాలు దగ్గర బ్లాకులో అమ్మేవాడు కనీసం మన కళ్లకి కనిపించేవాడు, బేరమాడేవాళ్లం!

కానీ నాకు అసలు గుచ్చుకునేది వేరే ఉంది. మన ఊళ్లలో ముందు వరుసలు ఎప్పుడైనా చూశారా? సోఫాలన్నీ పాసులవాళ్లవే. చందాలిచ్చినవాళ్లు, ఆఫీసర్లు, వాళ్ల బావమరుదులు. ఖర్చు మాత్రం తగ్గదుగా, ఆ సోఫాల బరువు వెనక ప్లాస్టిక్ కుర్చీలో టికెట్ కొని కూర్చున్నవాడి మీద పడుతుంది.

ఇంత గట్టిగా ఎలా చెబుతున్నానంటే, నేనూ ఆ సోఫాలో కూర్చున్నదాన్నే. నాలుగేళ్ల క్రితం మా మరిది తన ఆఫీసుకొచ్చిన పాసులిస్తే పట్టుచీర కట్టుకుని మరీ వెళ్లాను. సగంలోనే లేచి వచ్చేశాం కూడా. వెనక నిలబడి వింటున్న పిల్లలు మా ఖాళీ సోఫా వైపు చూడటం ఇప్పటికీ గుర్తే.

నిన్న మరిది మళ్లీ ఫోన్ చేశాడు. "వదినా, ఆ బీచ్ ప్రోగ్రాంకి రెండు పాసులున్నాయి, పంపించనా?" అని. ఆలోచించి చెబుతానన్నాను. మా అమ్మాయి నాతో మాట్లాడటం లేదు. మీరైతే ఏం చేసేవారో రాయండి.