గ్రంథాలయ విద్యకు సైబరాబాద్‌లో చోటెక్కడ?

"అమ్మాయి లైబ్రరీ సైన్సు పూర్తిచేసింది. హైటెక్ సిటీలో అన్ని కంపెనీలున్నాయి కదా, మీకు తెలిసినవారెవరైనా ఉంటే కాస్త సిఫారసు చేయించండి." తల్లిదండ్రుల నుంచి మాకు తరచూ వినిపించే మాట ఇది. ఇందులో తప్పేమీ లేదు. బిడ్డ భవిష్యత్తు గురించిన ఆరాటమే ఉంది. అయితే ఆ కంపెనీల్లో ఈ చదువుకు తగిన పని ఏ పేరుతో ఉంటుందని అడిగే తల్లిగానీ తండ్రిగానీ కనిపించడం అరుదు. పని పేరే తెలియనప్పుడు సిఫారసు చేసేవారు మాత్రం ఏమని చెప్పగలరు?

మన కుటుంబాలు ఈ చదువును ఎంచుకోవడానికి కారణాలు తెలిసినవే. ఏ డిగ్రీ చేసినవారైనా చేరవచ్చు. డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం బి.ఎల్.ఐ.ఎస్సీ., ఎం.ఎల్.ఐ.ఎస్సీ. కోర్సులను దూరవిద్యలో నడుపుతోంది కనుక ఇల్లు చూసుకుంటూనే చదువుకోవచ్చు. పుస్తకాల మధ్య ప్రశాంతంగా, గౌరవంగా సాగే కొలువన్న అభిప్రాయమూ ఉంది. ఆ విశ్వవిద్యాలయ ప్రాంగణం జూబ్లీహిల్స్‌లో, దుర్గం చెరువుకు దగ్గరలోనే ఉంది. హైటెక్ సిటీ అక్కడికి కూతవేటు దూరం. కానీ పట్టా చేతికందాక ఆ చెరువు దాటడమే మన పిల్లలకు కష్టమవుతోంది.

చెరువుకు అవతల తెలిసిన పేరుతోనే ఉన్న కొలువులు కొన్ని లేకపోలేదు. గచ్చిబౌలిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయపు ఇందిరాగాంధీ స్మారక గ్రంథాలయం, మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయపు సయ్యద్ హామిద్ గ్రంథాలయం, ట్రిపుల్ ఐటీ, ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ గ్రంథాలయాలు ఉన్నాయి. విశ్వవిద్యాలయాల్లో సహాయ గ్రంథపాలకుల నియామకానికి యు.జి.సి. 2018 నిబంధనల ప్రకారం ఎం.ఎల్.ఐ.ఎస్సీ.లో 55 శాతం మార్కులు, నెట్ అర్హత కావాలి. రిజర్వు వర్గాలకు మార్కుల్లో సడలింపు ఉంది. సి.బి.ఎస్.ఇ. గుర్తింపు పొందే పాఠశాలలకు గ్రంథాలయం తప్పనిసరి కాబట్టి అక్కడా కొంత అవకాశముంది. అయినా ఇవన్నీ కలిపినా పోస్టులు కొద్ది, పోటీదారులు ఎక్కువ.

కంపెనీల్లో పరిస్థితి వేరు. అక్కడ 'లైబ్రేరియన్' అనే బోర్డు కనబడదు. టాక్సానమిస్ట్, నాలెడ్జ్ మేనేజర్, మెటాడేటా అనలిస్ట్, రికార్డ్స్ మేనేజర్, రీసెర్చ్ అసోసియేట్ వంటి పేర్ల వెనుక ఉన్నది చాలావరకు గ్రంథాలయ విద్యే. ఫోన్‌లో ఒక షేర్వానీ కొనడానికి వెతుకుతున్నప్పుడు రంగు, కొలత, బట్ట, ధర అని వేర్వేరు గడులు కనిపిస్తాయి కదా! ఒక వస్తువును ఒకే అరలో బంధించకుండా పలు ముఖాల నుంచి వర్గీకరించే ఈ ఆలోచనను ఎస్.ఆర్. రంగనాథన్ 1933లోనే తన కోలన్ వర్గీకరణలో ప్రవేశపెట్టారు. మన అమ్మాయి దాన్ని పరీక్ష కోసం కంఠస్థం చేసింది. అది బజారులో పనికొచ్చే విద్య అని ఆమెకు ఎవరూ చెప్పలేదు, అంతే.

ఈ పని సరిగా జరగకపోతే ఏమవుతుందో కూడా సైబరాబాద్ చూసింది. మన చిత్తూరు జిల్లా బిడ్డ రాజ్ రెడ్డి ఆలోచనతో మొదలైన పది లక్షల పుస్తకాల డిజిటల్ ప్రణాళికకు గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ ఒక ప్రధాన కేంద్రంగా పనిచేసింది. తెలుగు, ఉర్దూ, అరబీ, ఫారసీ గ్రంథాలెన్నో స్కాన్ అయ్యాయి. అది మహత్తరమైన సేవ. కానీ పుస్తకాల పేర్లను, రచయితల పేర్లను రోమన్ అక్షరాల్లో ఎక్కించినప్పుడు ఒకే పేరు పలు తీరుల్లో, కొన్నిచోట్ల గుర్తుపట్టలేనంత తప్పుగా నమోదైంది. పుస్తకం ఉన్నా వెతికితే దొరకదు. దొరకని పుస్తకం లేనిదానితో సమానం. ఉర్దూ, అరబీ లిపులు చదవగలిగి, సూచీకరణ నియమాలు కూడా తెలిసినవారు ఎంత అవసరమో దీన్నిబట్టి ఊహించవచ్చు. మన ఇళ్ళలో చిన్ననాటినుంచే అబ్బే ఆ లిపి పరిజ్ఞానాన్ని బయోడేటాలో ఒక్క ముక్కయినా రాయనివారే ఎక్కువ.

ఒక హెచ్చరిక కూడా అవసరం. కంపెనీ కొలువుల్లో మొదటి డిగ్రీ ఏమిటన్నది గట్టిగా పనిచేస్తుంది. ఔషధ సంస్థల కోసం వైద్య పత్రికలను గాలించి, మందుల దుష్ప్రభావాల నివేదికలను ఏరే పనికి జీవశాస్త్రాలో ఫార్మసీయో చదివినవారిని తీసుకుంటారు. దానికి తోడు గ్రంథాలయ విద్య ఉంటే వెతికే నేర్పు బలం చేకూరుస్తుంది. కేవలం సమాచారం ఎక్కించే పనులకు జీతం తక్కువ, ఎదుగుదలా తక్కువే. ఇక వడ్డీ వ్యాపారమే ప్రధానంగా సాగే సంస్థల్లో చేరవచ్చా అన్నది మీకు నమ్మకమున్న ఉలమాను అడిగి తేల్చుకోవలసిన విషయం.

ఇప్పుడు 'తెలిసినవారి' సంగతికి వద్దాం. అమెరికా సమాజశాస్త్రవేత్త మార్క్ గ్రనోవెటర్ 1973లో ఒక ప్రసిద్ధ వ్యాసం ప్రచురించారు. పరిచయస్తుల ద్వారా కొత్త ఉద్యోగం సంపాదించిన కొందరిని, ఆ కబురు చెప్పిన మనిషిని ఆ రోజుల్లో ఎంత తరచుగా కలిసేవారని ఆయన అడిగారు. తరచూ కలుసుకునేవారి ద్వారా ఉద్యోగం దొరికినవారు 16.7 శాతమే. అప్పుడప్పుడు కలిసేవారి ద్వారా 55.6 శాతం, చాలా అరుదుగా కలిసేవారి ద్వారా 27.8 శాతం మందికి దొరికింది. సర్వే చిన్నదే అయినా తర్కం సులువుగా అర్థమవుతుంది. మామయ్యకు, బాబాయికి తెలిసిన సంగతులు మనకూ తెలిసినవే. కొత్త కబురు కొత్త మనిషి దగ్గరే ఉంటుంది. మనం మాత్రం దగ్గరి బంధువుల తలుపులే మళ్ళీ మళ్ళీ తడుతున్నాం.

సిఫారసు దానంతటదే చెడ్డది కాదు. మంచి విషయంలో సిఫారసు చేసినవారికీ చెడు విషయంలో చేసినవారికీ దాని ఫలితంలో భాగముంటుందని అన్-నిసా సూరా 85వ ఆయతు తెలుపుతోంది. మంచి సిఫారసు ఎలా ఉంటుందో అల్-ఖసస్ సూరాలో చూడవచ్చు. మద్‌యన్ నీటిరేవు దగ్గర హజ్రత్ మూసా (అలైహిస్సలాం) ఇద్దరు స్త్రీల పశువులకు నీళ్ళు పెట్టారు. తరువాత వారిలో ఒకామె ఆయనను పనిలో పెట్టుకోమని తండ్రికి సూచించింది. బలవంతుడు, నమ్మకస్తుడు అనే రెండు గుణాలనే కారణంగా చూపింది. బంధుత్వం లేదు, ఊరివాడు కూడా కాదు. ఆయన పని ఆమె కళ్ళారా చూసింది. హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) అయితే ధనాగారాల బాధ్యత తనకప్పగించమని రాజును స్వయంగా అడిగారు. కాపాడేవాణ్ణి, తెలిసినవాణ్ణి అని తన అర్హతలు చెప్పుకున్నారు. కాపాడడం, తెలిసి ఉండడం. గ్రంథపాలకుడికి కావలసినవీ ఈ రెండే. అర్హత ఉన్నచోట దాన్ని చెప్పుకోవడం గర్వం కాదని మన ఆడపిల్లలకు ప్రత్యేకంగా చెప్పాలి.

కాబట్టి ముందు, పదిమందికి చూపించగల పని ఒకటి చేతిలో ఉండాలి. మీ వీధి మసీదులోనో మదరసాలోనో అలమారా నిండా పుస్తకాలుంటాయి, జాబితా ఉండదు. న్యూజిలాండ్‌లో పుట్టి 2000 నుంచి వాడుకలో ఉన్న కోహా అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ఇంటి కంప్యూటర్‌లోనే పెట్టుకుని ఆ పుస్తకాలకు సూచీ తయారుచేయవచ్చు. ఉర్దూ పేరును ఉర్దూ లిపిలోనూ, నియమబద్ధమైన రోమన్ లిపిలోనూ ఎక్కించండి. మూడు వందల పుస్తకాలు పూర్తయితే అది ఏ సర్టిఫికెట్‌కూ తీసిపోని నమూనా. పదో శతాబ్దంలో బాగ్దాద్ పుస్తక వ్యాపారి ఇబ్న్ అల్-నదీమ్ తనకు తెలిసిన అరబీ గ్రంథాలన్నిటినీ పది భాగాలుగా అమర్చి 'అల్-ఫిహ్రిస్త్' కూర్చాడు; ఈ పని మనకు కొత్తేమీ కాదు.

ఆ తరువాత మనుషులను కలవాలి. ఆగస్టు 12న రంగనాథన్ జయంతిని గ్రంథపాలకుల దినోత్సవంగా జరుపుతారు. నవంబరు 14 నుంచి 20 వరకు జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. ఆ రోజుల్లో కళాశాలల్లో, విశ్వవిద్యాలయాల్లో సభలు, సదస్సులు ఉంటాయి. వెళ్ళి ఉద్యోగం అడగనక్కరలేదు. అడిగితే ఎదుటివారు ఇబ్బంది పడతారు. "మీ పనిలో ఒక రోజు ఎలా గడుస్తుంది? నేను ఇంకేమి నేర్చుకోవాలి?" అని అడిగితే పావుగంట సంతోషంగా మాట్లాడేవారే ఎక్కువ. మీ కోర్సులో మీకు ముందు చదివిన అక్కలు ఎక్కడ స్థిరపడ్డారో విచారించి, వారికి ఏడాదికి రెండుసార్లయినా మర్యాదగా కబురు పెట్టండి. లింక్‌డ్‌ఇన్‌లో ఫోటో పెట్టడం ఇష్టం లేకపోతే మానవచ్చు, చేసిన పని వివరం మాత్రం ఉండాలి.

మాదాపూర్ చుట్టుపక్కల 'బ్యాక్‌డోర్' ఉద్యోగాల పేరిట లక్షలు గుంజే దళారులున్నారు. లేని అనుభవానికి సర్టిఫికెట్ తయారుచేసి ఇచ్చేవారూ ఉన్నారు. అది అబద్ధపు సాక్ష్యం. కంపెనీ తనిఖీలో బయటపడితే కొలువుతోపాటు పేరూ పోతుంది. అలాగే, పని చూడకుండానే బంధువుల పిల్లల కోసం తన కంపెనీలో హామీ ఇవ్వమని ఉద్యోగంలో ఉన్న అబ్బాయిని మొహమాటపెట్టడం న్యాయం కాదు. అతని మాట కూడా అమానతే.

చివరగా ఇంటివారితో ఒక మాట. బయటి సదస్సుకు పంపకుండా, ఎవరితోనూ మాట్లాడనివ్వకుండా, మూడేళ్ళ తరువాత "చదివి ఏం లాభం?" అని కూతురిని అడగడం మాకు సమంజసంగా తోచదు. దూరం నిజమే. చార్మినార్ వైపు నుంచి ఎం.జి.బి.ఎస్. చేరి, మెట్రోలో అమీర్‌పేట వరకు వచ్చి, అక్కడ రైలు మారి రాయదుర్గంలో దిగాలి. గచ్చిబౌలి విశ్వవిద్యాలయాలకు మళ్ళీ బస్సు పట్టుకోవాలి. మొదటిసారి తల్లి తోడు వెళ్ళవచ్చు. లోపల సభ ముగిసేదాకా ఆమె బయట నిలబడనవసరం లేదు, తనూ వచ్చి వెనుక వరుసలో కూర్చుంటే ఎవరూ కాదనరు.