బుల్లి మాకు ముద్దు మాట

మా కోనసీమలో బుల్లి అంటే ముద్దు మాట. ఇంట్లో చిన్నదాన్ని బుల్లీ అంటాం, బుల్లెమ్మా అంటాం. మా నానీ ఉర్దూలో దువా చేసి తెలుగులో ముద్దు చేసేది. 2022 జనవరి 1న ఆ మాటే మా మొహాన కొట్టారు. బుల్లిబాయి అని యాప్ పెట్టి, వందమందికి పైగా ముస్లిం ఆడవాళ్ల ఫొటోలు పేర్చి వేలం అన్నారు. అంతకు ఆర్నెల్ల ముందు, 2021 జులైలో, సుల్లి డీల్స్. అది బూతు. దానికి తెలుగు చెప్పను.

ఎవర్ని వేలానికి పెట్టారు? జర్నలిస్టుల్ని. కనిపించకుండా పోయిన కొడుకు నజీబ్ కోసం వీధికెక్కిన ఫాతిమా నఫీస్‌ని. హైదరాబాద్‌లో అరవై దాటిన ఖాలిదా పర్వీన్‌ని. నోరున్నవాళ్లని! ఒక్క రూపాయి చేతులు మారలేదు. ఆ వేలం కొనడానికి కాదు, నోరు మూయించడానికి.

మొదటి యాప్ మీద ఢిల్లీ పోలీసులు కేసు రాశారు. ఆర్నెల్లు ఒక్కణ్ణీ పట్టుకోలేదు. రెండోది వచ్చి దేశమంతా గోల లేచాక రోజుల్లోనే దొరికారు. మార్చిలో, తొలిసారి నేరమని, ఇద్దరు ముఖ్య నిందితులకు ఢిల్లీ కోర్టు బెయిలిచ్చింది. బెయిలు హక్కే, కాదనను. ఫొటో ఎక్కిన ఆడమనిషి ఎలా ఉందని అడిగిందెవరు?

ఢిల్లీ గొడవ మనకెందుకంటారా? రాజోలు వైపు మా బంధువుల పిల్ల ఉంది. తండ్రి గల్ఫ్‌లో. పోయినేడాది ఆమె మొహం వేరే ఒంటికి అతికించి వాట్సాప్‌లో తిప్పారు. స్టేషన్‌కి నేనూ వెంట వెళ్లాను. "డీపీ ఎందుకు పెట్టుకుందమ్మా, మీవాళ్లు బురఖా వేసుకుంటారుగా?" అన్నాడు అక్కడాయన. ఫిర్యాదు తీసుకోలేదు. ఇంటికొస్తే మసీదు పెద్దాయన కూర్చునున్నాడు. "ఇజ్జత్ కా సవాల్ హై బేటీ, కేసొద్దు." ఒకరిది ఖాకీ, ఒకరిది టోపీ. మాట మాత్రం ఒకటే. పిల్ల ఫోను లాక్కున్నారు, కాలేజీ మాన్పించారు. ఫొటో తిప్పినవాళ్లు పరీక్షలు రాసుకున్నారు.

సెక్యులర్ మిత్రుడొకాయన, ముందు మీ పర్దా సంగతి తేల్చండి అన్నాడు. పర్దా మీద మా ఇళ్లలో మేం పోట్లాడుతూనే ఉన్నాం సార్. ఆ వేలంలో హిజాబ్ ఉన్న మొహాలూ ఉన్నాయి, లేనివీ ఉన్నాయి. వాళ్లు చూసింది పేరు.

2022 మే 24న అమలాపురంలో, జిల్లాకి అంబేడ్కర్ పేరు వద్దని మంత్రి ఇల్లు తగలబెట్టారు. అప్పుడు సర్కారు కోనసీమలో రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేసింది. జిల్లా మొత్తానికి నెట్టు కట్టేయగలిగిన చేతులకి ఒక ఆడపిల్ల ఫొటో తీయించడం చేతకాదా?

చట్టం లేక కాదు. మార్ఫింగ్ ఫొటో మీద బాధితురాలు ఫిర్యాదు చేస్తే గంటల్లోనే తీసేయాలని 2021 ఐటీ నిబంధనలు కంపెనీలకు గడువు పెట్టాయి. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా రాసుకోవాలని 2024 జులై 1 నుంచి అమలైన కొత్త చట్టంలో ఉంది. కేంద్రం పెట్టిన సైబర్ నేరాల పోర్టల్లో ఆడవాళ్లు పేరు చెప్పకుండానే ఫిర్యాదు చేయొచ్చు. ఇందులో ఒక్క ముక్క ఆ పిల్లకి స్టేషన్లో చెప్పలేదు, మసీదులోనూ చెప్పలేదు. చెప్పాల్సిన మాకూ అప్పటికి తెలీదు, పేరుకి పత్రికలవాళ్లం!

సోమవారం మళ్లీ వెళ్తున్నాం. ఈసారి ఫిర్యాదు ముందే రాసిపెట్టుకుంది, తెలుగులో, తన చేత్తోనే. అమ్మీ కూడా వస్తానంది.