మా వాడు గేమ్ టెస్టర్ అవుతాడట!

పోయిన పేరెంట్స్ మీటింగ్‌కు బోరంచ నుంచి ఏడో తరగతి అబ్బాయి తండ్రి ఒకరు వచ్చారు. "మా వోడు పెద్దయినంక గేమ్‌లు టెస్ట్ చేసే నౌకరీ చేస్తడంట సార్. ఆ పని గూడ ఇప్పుడు కంప్యూటరే చేస్తున్నదంట గదా?" అని అడిగారు. నవ్వి వదిలేసే ప్రశ్న కాదది.

చేస్తున్న మాట నిజమే. క్యాండీ క్రష్ తయారుచేసే కింగ్ సంస్థ కొత్త లెవెల్ విడుదలకు ముందు ఏఐ బాట్‌తో ఆడించి చూస్తుంది. వాళ్లకు కావలసింది గొప్పగా ఆడే బాట్ కాదు, మామూలు మనిషిలా ఆడే బాట్. అందుకే అసలు ఆటగాళ్లు ఎప్పుడు ఏ ముక్క కదిపారో చూపించి దానికి నేర్పారు. ఆ పద్ధతిని 2018లో పరిశోధన పత్రంగా ప్రచురించారు. ప్రశ్నపత్రాలు తయారుచేసే మాకు ఇది వెంటనే అర్థమవుతుంది. నేను పది నిమిషాల్లో రాసేసినంత మాత్రాన ఆ పేపర్ పిల్లలకు తేలికని ఎలా చెప్పగలను? (ఒకసారి అలాగే అనుకుని సగం క్లాసును ఏడిపించాను.)

హైదరాబాద్‌లో స్టూడియో ఉన్న ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ పరిశోధకులు కూడా, గేమంతా తిరిగి ఆటగాడు ఇరుక్కుపోయే చోట్లు వెతికే బాట్‌ల గురించి 2020లో రాశారు.

అయితే బాట్‌కు మనం చెప్పిన స్కోరే లోకం. 2016లో ఓపెన్‌ఏఐ పరిశోధకులు ఒక పడవ పందెం గేమ్‌ను ఏఐతో ఆడించారు. దారిలోని గుర్తులను కొడితే పాయింట్లు. అది పందెం వదిలేసి, పడవకు మంటలు అంటుకుంటున్నా ఒక మూల గిరగిరా తిరుగుతూ అవే మూడు గుర్తులను కొడుతూ కూర్చుంది. మనుషులకంటే సగటున 20 శాతం ఎక్కువ స్కోరు! స్కోరు ఒక్కటే చూస్తే శభాష్ అనాల్సిందే. తెర చూసిన మనిషికే తేడా తెలిసింది.

కాబట్టి గంటల తరబడి ఆడటమే టెస్టింగ్ అనుకుంటే ఆ నౌకరీ మీద ఆశ వద్దు. తేడాను పట్టుకుని, ఇంకొకరు చదివి అదే చేసి చూడగలిగేలా రాయడం వేరే పని. అది మన పిల్లలకు సరిగా రావడం లేదు. వ్యాసాలు బట్టీ పట్టించే మా టీచర్ల తప్పూ ఇందులో ఉంది.

ఫోన్ గుంజుకునే ముందు నాలుగు వాక్యాలు రాయించమని ఆ తండ్రికి చెప్పాను. ఏ లెవెల్, ఏం నొక్కాడు, ఏం జరగాలి, ఏం జరిగింది. తెలుగైనా సరే, ఇంగ్లిషైనా సరే.

వారం తర్వాత అబ్బాయి నోట్‌బుక్ తెచ్చాడు. "గేమ్ బాగలేదు" అని రాసి కొట్టేశాడు. దాని కింద: "మూడో లెవెల్‌ల గోడ పక్కన రెండుసార్లు దుంకితే మనిషి గోడలకు పోతున్నడు. బయటికి రావాల్నంటే గేమ్ బంద్ చేసి మళ్ల తెరవాలె."