సిమెంటు మీద కబడ్డీ వద్దు

క్యాచ్ పట్టే ఫీల్డర్ చేతులు వెనక్కి ఎందుకు లాక్కుంటాడు? హైజంప్ చేసేవాళ్లు పడేచోట పరుపు ఎందుకు వేస్తారు? తొమ్మిదో తరగతిలో ఈ ప్రశ్నలకి మనందరం జవాబు రాసే ఉంటాం. "ఆగడానికి పట్టే సమయం పెరిగితే బలం తగ్గుతుంది" అని రాసి రెండు మార్కులు వేయించుకున్నాం, మర్చిపోయాం. మర్చిపోయామని ఎందుకంటున్నానంటే, మొన్న ఇంటర్ బ్రాంచ్ కబడ్డీ మ్యాచ్‌లు కొత్త సిమెంటు కోర్టు మీద పెడితే, ఇంతమంది కాబోయే ఇంజనీర్లలో ఒక్కరూ నోరెత్తలేదు. నేనూ ఎత్తలేదు. లైన్లు నీట్‌గా ఉన్నాయని ఫొటో తీసి స్టేటస్ కూడా పెట్టాను.

రెండో మ్యాచ్‌లో మా రూమ్మేట్ రైడ్‌కి వెళ్లాడు. తిరిగి వస్తుంటే కార్నర్‌లో ఉన్నవాడు చీలమండ దొరకబుచ్చుకున్నాడు. మంచి పట్టు, అతన్ని తప్పు పట్టడానికి లేదు. మావాడు మిడ్ లైన్ కోసం చెయ్యి చాచి ముందుకి పడ్డాడు. మణికట్టు ఎముక విరిగింది. "ఆటన్నాక దెబ్బలు తగలవా" అన్నారు చూసినవాళ్లు. తగులుతాయి. కానీ ఎంత దెబ్బ అన్నది అదృష్టం కాదు, లెక్క.

నిలబడ్డ మనిషి నడుము నేలకి సుమారు ఒక మీటరు ఎత్తులో ఉంటుంది. ఆ ఎత్తు నుంచి పడితే నేలను తాకేసరికి వేగం సెకనుకి 4.4 మీటర్లు. ఇక్కడిదాకా సిమెంటుకీ మట్టికీ తేడా లేదు. తేడా అంతా ఆ వేగం సున్నా అయ్యే దూరంలో ఉంది. ఎంసెట్ కోసం నిద్రలో కూడా వల్లించిన 'వీ స్క్వేర్ ఈక్వల్స్ టూ ఏ ఎస్' ఉంది కదా, అందులో ఎస్ స్థానంలో 1 సెంటీమీటరు వేయండి. డిసెలరేషన్ గురుత్వ త్వరణానికి 100 రెట్లు వస్తుంది. 5 సెంటీమీటర్లు వేయండి, 20 రెట్లకి దిగుతుంది. మనిషి శరీరం చెక్కదిమ్మె కాదు, చర్మం, కండ, కీళ్లు కొంత సర్దుకుంటాయి కాబట్టి అసలు అంకెలు మారతాయి, ఒప్పుకుంటాను. కానీ నేల ఇంకో నాలుగు సెంటీమీటర్లు లోపలికి తగ్గితే ఎముక మీద పడే బలం ఎంత తగ్గగలదో చూశారుగా.

మా సీనియర్ ఒకాయన దీనికి అడ్డు చెప్పాడు. "పడటం రావాలి తమ్ముడూ. మోకాళ్లు వంచాలి, దొర్లాలి." నిజమే. మోకాళ్లు వంచడం అంటే ఆగే దూరాన్ని మన ఒంట్లోంచే తెచ్చుకోవడం. పైనుంచి దూకేవాడికి అది కుదురుతుంది. కానీ కబడ్డీ పట్టు అంటేనే ఎదుటివాడి దగ్గర ఆ వీలు లాగేసుకోవడం. చీలమండ పట్టుకుంటే కాలు మన మాట వినదు. పైగా పడేవాడి ధ్యాస ఎముకల మీద ఉండదు, వేలి కొన గీతకి తగలాలన్న దాని మీద ఉంటుంది. శరీరం ఇవ్వలేని దూరాన్ని ఇక నేలే ఇవ్వాలి. మన కోర్టు ఇవ్వదు.

పడకపోయినా కష్టమే. ఉసేన్ బోల్ట్ 2009లో బెర్లిన్‌లో 100 మీటర్లు 9.58 సెకన్లలో పరిగెత్తాడు. గీత దాటాక ఆగడానికి ముందు బోలెడంత ట్రాక్ ఉంది. మన రైడర్‌కి మిడ్ లైన్ నుంచి బాక్ లైన్ దాకా ఉన్నది 3.75 మీటర్లే. అందులోనే దూసుకెళ్లాలి, ఆగాలి, తిరగాలి. సెకనుకి 5 మీటర్ల వేగం, ఘర్షణ గుణకం 0.5 అనుకుంటే ఆగడానికి రెండున్నర మీటర్లు పడుతుంది. గుణకం 0.3కి పడితే నాలుగు మీటర్లు దాటుతుంది. ఈ లెక్కలో ద్రవ్యరాశి కొట్టుకుపోతుంది, గమనించారా? 55 కిలోలవాడైనా 80 కిలోలవాడైనా ఒకటే, కాలికీ నేలకీ మధ్య ఏముందన్నదే ముఖ్యం. మన కోర్టు మీద ఉన్నది పక్కన కడుతున్న బ్లాక్ నుంచి ఎగిరొచ్చిన ఇసుక. గట్టి నేల మీద ఇసుక రేణువులు గోళీల్లా దొర్లుతాయి. మట్టిలో అయితే కాలివేళ్లు దిగబడి పట్టు దొరుకుతుంది.

కోర్టు కట్టించినవాళ్ల వైపు నుంచీ ఆలోచించాను. వాన పడితే గంటలో ఆరిపోతుంది, ఊడ్చడం తేలిక, బాస్కెట్‌బాల్‌కి బాగుంటుంది. అన్నీ ఒప్పుకుంటాను. బాస్కెట్‌బాల్ ఆడుకోండి. కానీ కబడ్డీ మైదానం మెత్తగా ఉండాలని ఆట నియమాల్లోనే ఉంది: మట్టి, ఎరువు, రంపపు పొట్టు కలిపిన నేల, లేదా మ్యాట్. మ్యాట్‌కి డబ్బుల్లేవంటే సరే, అడగను. మా ఊళ్లో సంక్రాంతికి చెడుగుడు పెట్టేవాళ్లు ముందు రోజే నేల తవ్వి, రాళ్లు ఏరి, నీళ్లు చల్లుతారు. అందులో ఒక్కరూ మెకానిక్స్ పేపర్ రాయలేదు.

హాస్టల్ వెనక మెస్ గోడ పక్కన 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు కోర్టుకి సరిపోయే జాగా ఉంది. టేపు పెట్టి కొలిచాం. కావలసింది నాలుగు ట్రాక్టర్ల మట్టి, రెండు ఆదివారాల పని. స్పోర్ట్స్ కమిటీకి అర్జీ రాశాం, పైన చెప్పిన లెక్కలు వెనక పేజీలో ఉన్నాయి, తప్పులుంటే దిద్దండి. కాగితం లైబ్రరీ మెట్ల దగ్గర సోమవారం దాకా ఉంటుంది. మొదటి సంతకం మా రూమ్మేట్‌ది. ఎడమ చేత్తో పెట్టాడు కాబట్టి కొంచెం వంకరగా ఉంది. దాని కింద చాలా ఖాళీ ఉంది.